విక్రయించగా అంటే ఏంటి టీచర్?

మూడో తరగతి లెక్కల పేపర్లో ఆరో ప్రశ్న అది. "ఒక బుట్టలో 52 నారింజ పండ్లు కలవు. వాటిలో 17 విక్రయించగా మిగిలినవి ఎన్ని?" కింద నాలుగు జవాబులు, ఒక్కోదాని పక్కన ఒక గుండ్రం. రెండో వరసలో కూర్చున్న పిల్లాడు పెన్సిల్ చివర కొరుకుతూ చాలాసేపు దాన్నే చూసి, ఇక లాభం లేదనుకున్నాడేమో, తలెత్తి అడిగాడు. "టీచర్, విక్రయించగా అంటే ఏంటి?"

వాళ్ళమ్మ సంతలో కూరగాయలు అమ్ముతుంది. బడి లేని రోజు వాడూ పక్కనే కూర్చుంటాడు. అరవై ఐదు రూపాయల కూరగాయలు కొని వంద నోటు ఇస్తే ముప్పై ఐదు తిరిగివ్వాలని వాడికి ఎవరూ చెప్పక్కర్లేదు, వాడి చేత్తో చిల్లర నేనే రెండుసార్లు తీసుకున్నాను. అమ్మడం అంటే ఏంటో వాడికి తెలిసినంత నాకు తెలియదు. వాడికి తెలియనిదల్లా ఆ పేపర్ తయారుచేసిన వాళ్ళు దానికి పెట్టిన పేరు.

పరీక్ష జరుగుతున్నప్పుడు టీచర్ ప్రశ్నకి అర్థం చెప్పకూడదని రూలు. చెప్పాను. "అమ్మితే అని రా" అన్నాను. వాడి మొహం విచ్చుకుంది, గబగబా పక్కన ఖాళీలో లెక్క వేసుకుని 45 పక్కన గుండ్రం దిద్దేశాడు.

45 తప్పే. కానీ ఆ తప్పు ఎలా వచ్చిందో చూడండి. రెండులోంచి ఏడు పోదు కాబట్టి ఏడులోంచి రెండు తీశాడు, ఐదు వచ్చింది. ఐదులోంచి ఒకటి తీస్తే నాలుగు. పెద్ద అంకెలోంచే చిన్న అంకె తీయాలని చిన్నప్పుడు చెప్పిన మాట ఒకటుంది కదా, దాన్ని పాపం అక్షరాలా పాటించాడు (ఆ మాట చెప్పింది నేనే అయ్యుంటాను, ఒకటో తరగతి నుంచీ నా దగ్గరే ఉన్నాడు). ఐదు పదుల్లో ఒక పదిని విడగొట్టి ఒకట్లు చేసుకోవచ్చని వాడికి ఇంకా తట్టలేదు, అంతే. ఆ ఒక్క సంగతి తెలిస్తే రేపు పొద్దున వాడికి ఏం చెప్పాలో నాకు తెలిసిపోతుంది. పదేసి పుల్లల కట్టలు నాలుగు రోజులు వాడి ముందు పెట్టుకుని కూర్చుంటే చాలు.

పైకి వెళ్ళిన షీట్లో మాత్రం వాడికి ఆ ప్రశ్నకి సున్నా. ప్రశ్న చదవలేక, కనపడిన రెండు సంఖ్యలూ కూడేసి 69 దిద్దిన పాపకీ సున్నాయే. అసలు పెన్సిలే కదపని పిల్లాడికీ సున్నాయే. ఏమీ తెలియకుండా కళ్ళు మూసుకుని 35 దిద్దినవాడికి ఒక మార్కు. సున్నా వచ్చిన ముగ్గురు పిల్లలవి మూడు రకాల కష్టాలు, మూడు రకాల మందులు కావాలి, వాటిని తెలుసుకోవడానికే కదా పరీక్ష పెట్టింది? ఆ తేడా అంతా ఒక్క అంకెలో కలిపేసి, ఆ అంకెని యాప్‌లో ఎక్కించి, మండలం సగటు తీసి, మీ బడి ఎన్నో స్థానంలో ఉందో చూసుకోండి అని వాట్సాప్‌లో తిప్పి పంపుతారు. ఆ లిస్టు చూసి నేను రేపు చెప్పే పాఠంలో ఏం మార్చుకోవాలి?

నేను ఎస్జీటీని, అంటే చిన్న తరగతులకి చెప్పే సెకండరీ గ్రేడ్ టీచర్‌ని. పంతొమ్మిదేళ్ళ సర్వీసు, అంతా కర్నూలు జిల్లా పడమటి వైపు పల్లెల్లోనే. పరీక్షలు వద్దని చెప్పడానికి ఇది రాయడం లేదు, నా కోపం పరీక్ష మీద కాదు. పిల్లాడికి పెట్టిన పరీక్షతో టీచర్‌కీ బడికీ మార్కులు వేయడం మొదలుపెడితే ఆ పరీక్ష పిల్లాడి గురించి నిజం చెప్పడం మానేస్తుంది. ఇది ఎక్కడో చదివి చెప్తున్న మాట కాదు, నా చేతులతో నేనే చేశాను.

కొన్నేళ్ళ కిందట, వేరే ఊళ్ళో పనిచేస్తున్నప్పుడు, చుట్టుపక్కల బడుల టీచర్లంతా కలిసే కాంప్లెక్స్ మీటింగ్‌లో మా బడి పేరు కింద నుంచి మూడోది అని అందరి ముందూ చదివారు. కారణం ఎవరూ అడగలేదు. ఒకటి నుంచి ఐదు దాకా ఐదు తరగతులకి మేం ఇద్దరం టీచర్లం, అందులో ఒకరు నాలుగు నెలలుగా డిప్యూటేషన్ మీద వేరే చోట ఉన్నారని నేను లేచి చెప్తే, "సాకులు వద్దు మేడం" అన్నారు. ఇంటికొచ్చి ఏడ్చాను. తర్వాతి పరీక్షకి నేను ఎవరికీ నేరుగా జవాబు చెప్పలేదు, అలా చేయలేదని నాకు నేను చెప్పుకున్నాను. వరసల మధ్య తిరుగుతూ, తప్పు గుండ్రం దిద్దబోతున్న పిల్ల దగ్గర ఆగి "మళ్ళీ చూసుకో అమ్మా" అన్నాను. ఆగానంటేనే తప్పని పిల్లలకి రెండో ప్రశ్నకే అర్థమైపోయింది. ఆగకుండా ముందుకి వెళ్తే కరెక్టన్నమాట. ఆ ఏడు మా బడి పైనుంచి నాలుగోది. అదే మీటింగ్‌లో చప్పట్లు కొట్టారు.

రెండు నెలల తర్వాత ఒక నాన్న బడికి వచ్చాడు. చేతిలో పెళ్ళి పత్రిక. "మేడం, మా పాపకి ఏ గ్రేడ్ అని రాసిచ్చినారు కదా. ఇంటికి పెండ్లి పత్రిక వస్తే చదవమంటే ముహూర్తం ఎప్పుడో కూడా చదవలేకపోయిందే, ఎందుకట్లా?" అని అడిగాడు. కొట్లాటకి రాలేదాయన. నిజంగానే అర్థంకాక అడిగాడు, తనకి చదువు రాదు కాబట్టి బహుశా పత్రికల్లో భాష వేరుగా ఉంటుందేమో అనుకుని అడిగాడు. కొంచెం కష్టమైన మాటలుంటాయిలెండి అని చెప్పి పంపించాను. ఆ అబద్ధం చెప్పినందుకు ఇప్పటికీ నా మనసు ఒప్పుకోదు. ఆ గ్రేడ్ వల్ల నాకు చప్పట్లు దక్కాయి, ఆ పాపకి మాత్రం ఒక ఏడాది పోయింది. సి గ్రేడ్ వచ్చి ఉంటే ఆ నాన్న ముందే వచ్చి అడిగేవాడు కదా.

మా ఊళ్ళల్లోనే ఇలా జరుగుతుందని అనుకోకండి. అమెరికాలో అట్లాంటా నగరం బడుల్లో 2009 పరీక్షల మీద విచారణ జరిపి 2011లో రిపోర్టు ఇచ్చారు. చూసిన 56 బడుల్లో 44 చోట్ల మోసం జరిగిందని, 178 మంది టీచర్లకీ ప్రిన్సిపాళ్ళకీ అందులో చేయి ఉందని తేలింది. పిల్లలు దిద్దిన తప్పు జవాబుల్ని రబ్బరుతో చెరిపి సరైనవి దిద్దారు. 2015లో పదకొండు మందిని కోర్టు దోషులని తేల్చింది. వాళ్ళందరూ దొంగబుద్ధితో టీచర్ ఉద్యోగంలోకి వచ్చినవాళ్ళే అంటే నేను నమ్మను. మార్కులు పెరగకపోతే ఉద్యోగం ఉండదన్న భయం ఒకవైపు, చేతిలో రబ్బరు ఒకవైపు.

మన దగ్గర కూడా దీన్ని లెక్కగట్టి చూసినవాళ్ళున్నారు. అభిజీత్ సింగ్ అనే ఆర్థికవేత్త ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లోనే కాగితం మీద టీచర్లు పెట్టిన పరీక్షనీ, ట్యాబ్‌ల మీద పెట్టిన పరీక్షనీ పోల్చి చూశారు. కాగితం మీద మార్కులు బాగా పొంగి ఉన్నాయి, ట్యాబ్ మీద ఆ పొంగు చాలావరకు తగ్గింది. ఇది చదివిన మా తోటి టీచర్లలో కొందరికి కోపం వచ్చింది, మమ్మల్ని దొంగలంటున్నారని. నాకు ఊరట కలిగింది, నా ఒక్కదాని పాపం కాదన్నమాట అని.

దీనికి ఎదురుగా నిలబడే ఉదాహరణ కూడా ఒకటుంది, అది దాచిపెడితే నేను రాసేదానికి విలువ లేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే 2005లో కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ ఒక ప్రయోగం మొదలుపెట్టారు. పిల్లల మార్కులు పెరిగితే టీచర్లకి బోనస్. రెండేళ్ళలో ఆ బడుల పిల్లలు లెక్కల్లోనూ భాషలోనూ మిగతా బడుల కంటే ముందుకెళ్ళారు, బోనస్‌తో సంబంధం లేని సైన్సు, సోషల్‌లో కూడా మెరుగయ్యారు. అంటే టీచర్లని మార్కులతో ముడిపెడితే పని జరుగుతుందన్నట్టే కదా అని ఒక మిత్రుడు నాతో వాదించాడు. నేను చెప్పింది ఒక్కటే. ఆ పరీక్షలు పెట్టింది, దిద్దింది ఆ బడి టీచర్లు కాదు, బయటి నుంచి వచ్చిన బృందాలు. నా మార్కులు నేనే వేసుకోమని నా చేతికే పెన్నిచ్చి, తక్కువొస్తే మీటింగ్‌లో పేరు చదువుతాం అంటే, అది ఆ ప్రయోగానికి పూర్తిగా తలకిందులు.

సరే, దేశం మొత్తం మీద పెద్ద పరీక్షలు జరుగుతాయి కదా, వాటి సంగతేంటి? నాస్ (నేషనల్ అచీవ్‌మెంట్ సర్వే) అని 2017 నవంబర్ 13న ఒకటి, 2021 నవంబర్ 12న ఒకటి జరిగాయి. తర్వాత దాని పేరు మార్చి పరఖ్ రాష్ట్రీయ సర్వేక్షణ్ అని 2024 డిసెంబర్ 4న మూడు, ఆరు, తొమ్మిది తరగతులకి పెట్టారు, 781 జిల్లాల్లో 21 లక్షల మందికి పైగా పిల్లలు రాశారు. మూడో తరగతిలో 99 లోపు సంఖ్యల్ని చిన్నది నుంచి పెద్దదానికి, పెద్దది నుంచి చిన్నదానికి సర్దగలిగినవాళ్ళు 55 శాతం. రెండంకెల కూడికలు తీసివేతలు చేయగలిగినవాళ్ళు 58 శాతం. ఆరో తరగతిలో పదో ఎక్కం దాకా వచ్చినవాళ్ళు 53 శాతమే. ఈ సర్వేల మీద నాకు గౌరవం ఉంది. కొన్ని బడుల్నే ఎంచుకుంటారు, ఏ పిల్లాడికీ గ్రేడ్ ఇవ్వరు, ఏ టీచర్ పేరూ చదవరు, అందుకే అబద్ధం ఆడాల్సిన అవసరం తక్కువ. కానీ అవి రాష్ట్రానికి, జిల్లాకి అద్దం పట్టడానికి. నా రెండో వరస పిల్లాడి గురించి చెప్పడానికి కాదు. 2021లో మూడో తరగతి భాషలో దేశం సగటు 500కి 323 అని వస్తే మా మీటింగ్‌లో ఒకాయన దాన్ని శాతంగా మార్చి "దాదాపు 65 వచ్చినట్టే, ఫస్ట్ క్లాస్" అన్నాడు. అది ఆ రకం మార్కు కాదు, స్కేల్ మీద సర్దిన అంకె. కానీ అంకె చేతికిస్తే మనుషులు చేసేది అదే కదా.

ఇంకో సంగతి. డిసెంబర్ 4న మా వైపు పల్లెల్లో ఎవరుంటారో పరీక్ష తేదీ పెట్టేవాళ్ళకి తెలుసా? వానలు సరిగా లేని ఏడాదైతే దసరా వెళ్ళగానే ఊళ్ళు ఖాళీ అవడం మొదలవుతుంది. సుగ్గికి, అంటే వలస కూలికి, పోతారు. గుంటూరు వైపు పత్తి తీయడానికి, తర్వాత మిరపకాయలు కోయడానికి, పిల్లాపాపలతో లారీలూ ట్రాక్టర్లూ ఎక్కి వెళ్ళిపోతే మళ్ళీ ఉగాది దగ్గరికి గానీ రారు. సీజనల్ హాస్టళ్ళు పెడతారు, కొందరు అందులో ఆగుతారు, చంటిపిల్లని చూసుకోవడానికి కావాలని ఆడపిల్లల్ని మాత్రం ఎక్కువగా వెంట తీసుకెళ్తారు. నా రిజిస్టర్‌లో మూడో తరగతిలో పందొమ్మిది మంది. పోయిన డిసెంబర్‌లో నా ముందు కూర్చున్నది పదకొండు మంది. ఆ ఎనిమిది మందిలో ఆరుగురు చదవడం సరిగా రానివాళ్ళే, ప్రతి ఏడూ నాలుగు నెలలు పోతే ఎలా వస్తుంది? వాళ్ళు పరీక్ష రాయలేదు కాబట్టి సగటు పెరిగింది. బడికి రాని పిల్లల వల్ల బడి మెరుగైనట్టు కనపడింది! ఇంతకంటే బాధ కలిగించే అంకె నేను చూడలేదు.

చదవడం గురించి కూడా ఒక మాట చెప్పాలి. చిన్న తరగతుల పిల్లలకి చదవడం, లెక్కలు రావాలని నిపుణ్ భారత్ అనే కార్యక్రమాన్ని 2021 జులై 5న కేంద్రం మొదలుపెట్టింది, మంచి ఉద్దేశంతోనే. మూడో తరగతి అయ్యేసరికి పిల్లలు నిమిషానికి కనీసం 60 పదాలు అర్థం చేసుకుంటూ చదవాలని అందులో ఒక లక్ష్యం. హిందీలో "ఘర్ మే సే ఆ గయీ" అంటే ఐదు పదాలు. అదే మనం "ఇంట్లోంచి వచ్చేసింది" అంటాం, రెండు పదాలు. మన పిల్ల ఆ రెండు పదాలు చదవడానికి సున్నా, ట కింద ల వత్తు, మళ్ళీ సున్నా, చ కింద చ వత్తు, ఇంకో సున్నా, అన్నీ దాటాలి. తెలుగులో మాటకి మాట అతుక్కుని పొడుగవుతుంది, ఆ సంగతి ఒకటో తరగతి టీచర్లందరికీ తెలుసు. 2022లో మూడో తరగతి పిల్లల మీద దేశమంతా చేసిన ఫౌండేషనల్ లెర్నింగ్ స్టడీ అనే సర్వేలో ఏ భాషకి ఆ భాషలోనే ప్రమాణం పెట్టారు, అది న్యాయం. మా దాకా వచ్చేసరికి మాత్రం గోడ మీద పోస్టర్‌లో 60 అనే అంకె మిగిలింది. స్టాప్‌వాచ్ పెట్టుకుని పిల్లల్ని చదివిస్తే ఏమవుతుందో నేను చూశాను, వత్తులు మింగేసి పరిగెడతారు, ఏం చదివావురా అంటే తెల్లమొహం వేస్తారు.

మా పిల్లల్లో కొందరి ఇళ్ళల్లో కన్నడం మాట్లాడతారు, కర్ణాటక సరిహద్దు కదా. పాఠ్యపుస్తకంలో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు. ఇంట్లో ఒక భాష, బడిలో రెండు, దాని మీద పేపర్‌లో 'విక్రయించగా', 'కలవు'. లెక్కల పరీక్షలో వాడికి సున్నా వస్తే అది లెక్కల సున్నానా, భాష సున్నానా? 2025లో నేచర్ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది, కోల్‌కతా, ఢిల్లీ మార్కెట్లలో పనిచేసే పిల్లల మీద. బేరంలో నోటితో కష్టమైన లెక్కలు తప్పు లేకుండా చేసే పిల్లలు బడి పద్ధతిలో కాగితం మీద పెట్టిన సులువైన లెక్కలు చేయలేకపోయారు, బడి పిల్లలేమో మార్కెట్ లెక్కల దగ్గర ఆగిపోయారు. మా సంతలో కూరగాయల గంప పక్కన కూర్చునే పిల్లాడు నాకు అందులో కనపడ్డాడు. వాడికి వచ్చింది మన కాగితం ఎప్పుడూ అడగదు.

మరి ఏం కావాలంటావు అని అడుగుతారు, అడగాలి కూడా. నేను ఎక్కువ కోరడం లేదు. నేను చూసినవాటిలో నాకు పనికొచ్చిన పరీక్ష ఒక్కటే, అది ఒకే ఒక్క కాగితం. ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్ళు 2005 నుంచి చేస్తున్న అసర్ సర్వేలో వాడేది. అక్షరాలు, మాటలు, ఒకటో తరగతి స్థాయి చిన్న పేరా, రెండో తరగతి స్థాయి కథ. పిల్లని ఒక్కదాన్నే పక్కన కూర్చోబెట్టుకుని ముందు పేరా ఇస్తారు, వస్తే కథకి వెళ్తారు, రాకపోతే మాటలకి దిగుతారు. ఐదు నిమిషాల్లో అయిపోతుంది. సర్వే వాళ్ళు బడికి కాకుండా ఇంటికే వస్తారు, కాబట్టి ఆ రోజు బడి మానేసిన పిల్ల కూడా లెక్కలోకి వస్తుంది. వాళ్ళ 2024 అంకెల్లో దేశం మొత్తం మీద పల్లెల్లోని ప్రభుత్వ బడుల మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి కథ చదవగలిగినవాళ్ళు 23.4 శాతం, 2022లో 16.3 ఉండేది. చూడ్డానికి సిగ్గుగా ఉంటుంది, కానీ నా తరగతి గదిలో నాకు కనపడేదానికి దగ్గరగా ఉంది, అందుకే నమ్ముతాను. మీటింగ్‌లో చెప్పే 80, 90 శాతాలు ఏ తరగతి గదిలోనివో నాకు తెలియదు.

ఆ కాగితం లాంటిది నేనే రాసుకున్నాను, మా పిల్లలకి తెలిసిన మాటలతో. జూన్‌లో ఒకసారి, దసరాకి ముందు, సంక్రాంతి తర్వాత, సుగ్గి నుంచి వచ్చిన పిల్లలకి వచ్చిన రోజే. ఒక నోట్‌బుక్‌లో పిల్లల పేర్లు, పక్కన మార్కులుండవు, మాటలుంటాయి. "వత్తు దగ్గర ఆగుతుంది." "పదులు విడగొట్టడం రాదు." "చదువుతాడు, అర్థం చెప్పలేడు." ఈ నోట్‌బుక్ ఎవరూ అడగరు కాబట్టి ఇందులో నేను ఒక్క అబద్ధం కూడా రాయలేదు. రాష్ట్రానికి సగటు కావాలంటే బయటివాళ్ళని పంపి కొన్ని బడుల్లో పరీక్ష పెట్టి తెలుసుకోండి, నేను తలుపులు తీసిపెడతాను. నా బడి మీద అనుమానం ఉంటే చెప్పకుండా వచ్చి నా పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని చదివించుకోండి. అప్పుడు తక్కువొస్తే నన్ను అడగండి, జవాబు చెప్తాను, ఇంకో టీచర్ ఎందుకు లేరో కూడా అప్పుడు వినండి. తరగతి గదిలో పెట్టే పరీక్షని మాత్రం నాకూ పిల్లలకీ వదిలేయండి.

ఆ పేపర్ అయిపోయిన మర్నాడు రెండో వరస పిల్లాణ్ణి మధ్యాహ్న భోజనం తర్వాత వరండాలో కూర్చోబెట్టాను. చీపురు పుల్లలు విరిచి పదేసి చొప్పున రబ్బరు బ్యాండ్లతో కట్టిన కట్టలు ఐదు, విడిగా రెండు పుల్లలు. "పదిహేడు అమ్మేయరా" అన్నాను. ఒక కట్ట తీసి పక్కన పెట్టాడు. రెండు విడి పుల్లలు కూడా పెట్టాడు. ఇంకా ఐదు కావాలి. మిగిలిన నాలుగు కట్టల వైపు చూశాడు, నా వైపు చూశాడు, నేను ఏమీ అనలేదు. ఒక కట్ట చేతిలోకి తీసుకుని, "విప్పొచ్చా టీచర్?" అని అడిగాడు. విప్పు అన్నాను. ఐదు లెక్కపెట్టి పక్కన పెట్టి, మిగిలినవి చూసుకుని, పలక మీద 35 అని రాశాడు. తర్వాత 40లోంచి 18 తీయమంటే మళ్ళీ 38 అని రాశాడు. రాసి, నన్ను అడక్కుండానే దాన్ని చేత్తో తుడిచేసి, కట్టల దగ్గరికి జరిగాడు.